కండె మార్చని కొండచిలువ

కోడుమూరులో దేవేంద్రప్ప మగ్గం చప్పుడుకు వాన కూడా తాళం తప్పేదట. చెప్పింది ఆయనే. నమ్మనివాళ్ళకు ఇంకో రెండు చెప్పేవాడు. అవన్నీ ఓపిగ్గా వినేది మనవరాలు అరుణజ్యోతి ఒక్కతే. అందుకే ఆ పొద్దు ఆమె మొహం చిన్నబోయి ఉంటే, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆయన చేతిలో ఆడలేదు.

వీధిలోని పన్నెండు మగ్గాల చీరలను ఫోన్లో చూపించే సైటు ఆమే రాసింది. నలుగురు ఒకేసారి చూస్తే చాలు, కూలబడుతోంది. పదింటికి వీధి నేతగాళ్ళ పెద్ద సోమశేఖర్ వస్తాడు. ఈసారీ ఆగిపోతే ఆ పని వేరేవాళ్ళకు అప్పగిస్తానన్నాడు.

"దేంట్లో రాసినావు పాపా?"

"పైథాన్ అనే కంప్యూటర్ భాషలో తాతా. పైథాన్ అంటే కొండచిలువ."

"ఓహో! ఆత్మకూరు అడవిలో నేను చూసిన కొండచిలువ దున్నపోతును మింగి, తోకతో నాకు దావ చూపిచ్చింది. నీదేమో ఒక్క మాట అడిగితేనే చస్తాండాదా?"

అరుణజ్యోతికి నవ్వక తప్పలేదు. "నిజంగానే చస్తాది తాతా. ఎవరు చూసినా ప్రోగ్రాం కొత్తగా పుట్టల్ల, చీరల జాబితా మొదట్నుంచి చదవల్ల, జవాబిచ్చి పోవల్ల. ఇంకొకరు వస్తే మళ్ళీ పుట్టల్ల."

"అంటే చీర చీరకూ మగ్గం పీకి మళ్ళీ పాతుతాండావు! పడుగు అయిపోతే మేమేం చేస్తాం? పాత పోగుల కొనలు మగ్గంలోనే ఉంచి, కొత్తవి అతుకుతాం గదా."

ఆమె కళ్ళు మెరిశాయి. గంటసేపు తలెత్తలేదు. ఇప్పుడు ప్రోగ్రాం ఒక్కసారే లేచి, జాబితా ఒక్కసారే చదువుకుని, మేలుకునే ఉంది. సైటు పేరు అడిగిన చోట తాత తన పేరు కొట్టి చూశాడు. 'దేవేంద్రప్ప గారూ, నమస్కారం' అని వచ్చింది. ఆయన మీసం దువ్వుకున్నాడు.

పదింటికి సోమశేఖర్ వచ్చి తన ఫోన్లో తన పేరు కొట్టాడు. 'దేవేంద్రప్ప గారూ, నమస్కారం.' పక్కింటి ఉరుకుందమ్మ కొట్టింది. ఆమెకూ అదే.

"ఏమప్పా, దీనికి నువ్వు తప్ప లోకంలో ఇంకెవురూ తెలీదా?" అన్నాడు సోమశేఖర్.

"నన్ను చూసినాక ఎవురు గుర్తుంటారప్పా!" అనబోయిన ముసలాయన, మనవరాలి కళ్ళలో నీళ్ళు చూసి ఆగాడు. "పాపా, పడుగు బాగుండాది. నాడెలో నూలు చుట్టిన కండె మార్చలే నువ్వు. ముందు చీర నూలు నాడెలోనే ఉండిపోయినట్టుండాది."

అరుణజ్యోతి చటుక్కున కంప్యూటర్ ముందు కూర్చుంది. "ఔ తాతా! పేరు ముందే ఉంటే అదే వాడుకోమని రాసినా. చచ్చి పుట్టేటప్పుడు పేరు చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఇప్పుడిది చావడంల్యా గదా!"

జాబితాను ఉన్నచోటే ఉంచి, పేరును మాత్రం మనిషి మనిషికీ కొత్తగా అడిగేలా మార్చింది.

'సోమశేఖర్ గారూ, నమస్కారం.' 'ఉరుకుందమ్మ గారూ, నమస్కారం.' పన్నెండు ఇళ్ళవాళ్ళూ ఒకేసారి చూశారు. అది కూలబడలేదు.

"ఇంకెవరికీ ఇచ్చేది ల్యా. ఈడనే ఉండనీ," అన్నాడు సోమశేఖర్.

సాయంత్రానికల్లా దేవేంద్రప్ప కొండచిలువకు నేత నేర్పిన కథ వీధి చివరికి చేరింది. అరుణజ్యోతి గడపలో నిలబడి అంతా విని, "దున్నపోతు సంగతి మర్చిపోయినావు తాతా," అని అందించింది.