హాలు ఏసీలో కాలేజీ రేడియో

ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసొచ్చిన నర్సు రెబెక్కా కర్టెన్లు లాగి పడుకునేది. మధ్యాహ్నం స్కూలు బస్సు దిగిన కూతురు జాయ్సీ బ్యాగు సోఫాలో విసిరి, హాల్లో పాత విండో ఏసీ వేసేది. కంప్రెసర్ ఒకసారి దగ్గి, చల్లగాలితో పాటు కాలేజీ రేడియో వదిలేది.

విశాఖ వైపు ఏదో ఇంజనీరింగ్ కాలేజీ. ఆ ఏసీకి తగిలేది అదొక్క స్టేషనే. సౌదీలోని జుబైల్‌లో ఆ బిల్డింగ్ వాళ్ళెవరికీ ఇది వింత కాదు. పై ఫ్లోర్ ఏసీ నీళ్ళు కారుతుంది, వీళ్ళది పాడుతుంది, అంతే. సర్వీసింగ్‌కి వచ్చే దిలావర్ కూడా, "ఫిల్టర్ కడిగాను బేటీ, స్టేషన్ జోలికి పోలేదు," అని తన ఉర్దూలో చెప్పి పోయేవాడు.

అందులో ఊర్మిల అనే స్టూడెంట్ న్యూ వేవ్ వేసేది. అమ్మానాన్నల చిన్నప్పటి ఇంగ్లీషు పాటలవి. సింథసైజర్ల చలి, డ్రమ్ మెషిన్ మొండి దెబ్బలు, ఏడుపు మింగి డాన్సు చేసే గొంతులు. ఊర్మిల మైకు ఆపడం మరిచి సమోసా తినేది. పాట సగంలో ఆపి, "ఈ బేస్ మళ్ళీ వినండి, వినకపోతే మీ ఖర్మ," అనేది. అవన్నీ పాత సొదని కొట్టిపారేసిన తోటి కుర్రాడితో మైకు ముందే తగువు పెట్టుకునేది. సెమిస్టర్ పరీక్షలప్పుడు ఏసీలో ఉత్త గాలే వచ్చేది. ఇష్టమైన పాట కోసం మనిషి అంతలా వాదించొచ్చని జాయ్సీకి అక్కడే తెలిసింది. తొమ్మిదో క్లాసులో చెవినెక్కిన ఆ బేస్, పన్నెండుకొచ్చేసరికి ప్రార్థనలకని కొన్న కీబోర్డు మీద ఆమె వేళ్ళని నిలవనివ్వలేదు.

చిక్కల్లా డ్రమ్ మెషిన్‌తోనే. అది మోగితే చాలు, రెబెక్కా నిద్రలో లేచి కూర్చుని, "ఫోర్త్ బెడ్ మానిటర్ చూడండి," అనేది.

"పాట మమ్మీ, పడుకో."

"పాటైతే పాటలా ఉండాలిగా."

గుంటూరులో జాయ్సీకి నర్సింగ్ సీటు వచ్చింది. ఆదివారంలోగా ఖాయం చెయ్యాలి. తనకేమో చెన్నైలో సౌండ్ కోర్సు కావాలి.

"నర్సుకి ఏ దేశమైనా వీసా ఇస్తుంది. సింథసైజర్‌కి ఇక్కడుండే పర్మిట్, ఇకామా ఎవడిస్తాడే?"

"బతకడానికి పర్మిట్ కావాలి, సరే. ఇష్టపడ్డానికి కూడా స్పాన్సర్ కఫీల్ సంతకం పెట్టాలా మమ్మీ?"

రిఫైనరీ షట్‌డౌన్ పని నుంచి మసి బట్టలతో వచ్చిన తండ్రి యిర్మీయా, "ఆ డిబేట్ స్కూల్లో పెట్టుకో తల్లీ, ముందు నాకన్నం పెట్టండి," అన్నాడు.

చర్చిలుండని దేశం కనక శుక్రవారం ప్రార్థన వాళ్ళ హాల్లోనే. చప్పట్లుండవు, మోకాళ్ళ మీద వేళ్ళతో తాళం. పాట గోడ దాటకుండా ఏసీ ఫుల్ స్పీడులో పెడతారు. కాలేజీ రేడియో కూడా ఆ కాసేపు మర్యాదగా నోరు మూసుకునేది. ఆ వారం మాత్రం, పెద్దాయన యెహోషువ అంకుల్ "తండ్రీ, ఈ బిడ్డ నర్సింగ్ సీటు..." అని మొదలెట్టగానే ఏసీ దగ్గింది.

"సారీ, ప్రార్థనలో ఉన్నారని తెలుసు," అంది ఊర్మిల. "తర్వాతి పాట జుబైల్ జాయ్సీది."

మొదట ఒంటరిగా ఒక బీప్, ఆసుపత్రి మానిటర్‌ది. దాని కింద బేస్ నడక మొదలైంది. ఆ పైన జాయ్సీ గొంతు, ఇప్పటికన్నా వయసొచ్చిన గొంతు.

"ఎప్పుడు పాడావమ్మా?" అనడిగాడు యెహోషువ అంకుల్.

"ఇంకా పాడలేదంకుల్."

ఆయన తలూపి మోకాలి మీద తాళం అందుకున్నాడు.

రెబెక్కా అలవాటుగా లేచి ఏసీ దగ్గరికి వెళ్ళింది. పేషెంటు పక్కన నిలబడ్డట్టే నిలబడి చెవి ఒగ్గింది. పాట అయ్యేదాకా కూర్చోలేదు.

"రాత్రంతా వార్డులో నేను వినేది ఈ బీపే," అంది. "ఇది తిన్నగా మోగుతుంటేనే మేం కాస్త టీ తాగేది. దీన్ని పట్టుకుని ఎవరైనా పాట కడతారనుకోలేదు." భర్త వైపు తిరిగింది. "గుంటూరుకి ఫోన్ చేసి సీటు వద్దని చెప్పండి."



బిర్యానీ ప్లేట్లు తిరిగేసరికి హాలంతా ఆ రాగమే తీస్తోంది. రెబెక్కా వడ్డిస్తూ, "రెండో చరణంలో ఆ మలుపు బాగుందే, ఎలాగంటే..." అంటూ అందుకోబోయింది.

"చెప్పకు మమ్మీ." జాయ్సీ చెవులు మూసుకుంది. "మీరెవరూ పాడకండి. దాన్ని నేను కట్టుకోవాలి."

హెడ్‌ఫోన్స్ తగిలించి, కీబోర్డు ఒళ్ళోకి లాక్కుని, ఒక స్వరం నొక్కింది. అది కాదు. ఇంకోటి నొక్కింది.