కొసన ఉన్న బెంచీ

క్లాసు గది కొండలా లేచి ఉంది, స్టాటిస్టిక్స్ సారు బోర్డు మీద గీసే గంట ఆకారపు గీతే నేలంతా పరుచుకున్నట్టు బెంచీలన్నీ పైకెక్కి మళ్ళీ దిగుతున్నాయి, నడుమ మెట్ట మీద మా క్లాసువాళ్ళు కిక్కిరిసి కూర్చున్నారు, నేను మాత్రం ఎక్కబోయిన ప్రతిసారీ జారి ఎడమ కొసనున్న ఒంటరి బెంచీ దగ్గరే ఆగుతున్నాను. ఆ బెంచీ మీద పైడి కూర్చుని కాళ్ళూపుతోంది. పోయిన వానాకాలం జ్వరంతో చనిపోయిన పైడి, హాస్టల్లో నా పక్క మంచం పైడి.

"ఏటే గౌరీ, ఇప్పుడా రావడం? కూకో," అంటుంది, నిన్ననే విడిపోయినట్టు.

"ఇది నీ చోటు కదే."

"నాను సచ్చిపోనాను కదే. కొసన ఎవులో ఒకలు కూకోవాల. నాను లేస్తే నువ్వే."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తున్నాయి. మా సారు మనం రాసినదాన్ని బట్టి కాదు, పక్కవాళ్ళు రాసినదాన్ని బట్టి గ్రేడు వేస్తారు. అందరూ బాగా రాసినా అడుగున ఉన్నవాళ్ళు ఫెయిలే. పోయిన సెమిస్టరులో అడుగున పైడి ఉంది, దానికి ఒక్క మెట్టు పైన నేను. ఈసారి ఫెయిలైతే నేను హాస్టలు ఖాళీ చేసి ఊరికి పోవాలి.

"అరవై మార్కులొచ్చినోలు ఎలగ ఫెయిలవుతారని సార్ని అడుగుదామనుకున్నాం కదే. నువ్వు మాటాడతానన్నావు, నాను పక్కన నిల్చుంటానన్నాను," అంటాను.

"నిల్చోడం నీకు బాగా వొచ్చు," అని పైడి కిసుక్కుమంటుంది. "ఇప్పుడు నాను నిల్చుంటాను. నువ్వు అడుగు."

తలుపు కోసం చూస్తే నాలుగు గోడలూ బోర్డులే, సారు వెనక్కి తిరగకుండా ఆ గీతనే మళ్ళీ మళ్ళీ దిద్దుతున్నారు, సుద్దపొడి మంచులా రాలి నా నోటినిండా చేరుతోంది, "సార్" అంటున్నాను, పెదవులు కదులుతున్నాయి కానీ మాట పెగలడం లేదు, బెంచీ ఇరుకవుతోంది, పైడి నా భుజానికి భుజం ఆనించి "కాస్త జరగే, ఇద్దరం పడతాం" అంటోంది, నేను జరుగుతున్నాను, ఇంకా జరుగుతున్నాను, అంచు వచ్చేసింది.

"ఒలే గౌరీ, సార్ సార్ అని ఆ కేకలేటే? వరండాలోవోలు కూడా లేచిపోనారు."

ఎదుటి మంచం మీది నర్సి గొంతు. తెల్లారింది. నా ఒళ్ళు సగం మంచం అంచున వేలాడుతోంది. గోడవైపు ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది.