గౌరమ్మ లేని బతుకమ్మ

మొగుడు ఏసయ్య సీసా మానేసిన రోజే మల్లక్క బతుకమ్మ మానేసింది. ఆమెను మానమని ఎవరూ అనలేదు. కోరుట్ల మార్కెట్ యార్డులో బస్తాలు మోసే ఏసయ్యకు సాయంత్రమైతే సీసా ఉండాల్సిందే, ఎవరో ఒకరు రెక్క పట్టి ఇంటికి చేర్చాల్సిందే. అలాంటి మనిషి చర్చిలో అందరి ముందు నిలబడి ఇక ముట్టనని మాటిచ్చాడు. వెనకాలే మల్లక్క కూడా లేచి నిలబడింది.

"ఆయన సీసా ఇడిస్తే నేను బతుకమ్మ ఇడుస్త" అంది.

ఒక్కడే వదులుకుంటే మనిషి నిలబడడు, పక్కన ఇంకొకరు కూడా ఏదో ఒకటి వదులుకోవాలని ఆమె నమ్మకం. వదలడానికి ఆమె దగ్గర అంతకంటే ఇష్టమైంది లేదు మరి. వాడలో పాట ఎత్తాలంటే మల్లక్కే. ఆమె నడుం వంచి చప్పట్లు కొడితే, కొత్తగా వచ్చిన కోడళ్ళు ఆమె కాళ్ళు చూసి అడుగు నేర్చుకునేవాళ్ళు. ఆ తర్వాత పండుగ వస్తే తలుపు దగ్గరికేసుకుని బీడీలు చుట్టేది. పాట వినిపిస్తే ఆకు కత్తిరించే చెయ్యి తప్పేది. ఏసయ్య మాత్రం ఇచ్చిన మాట మీదే ఉన్నాడు. అది చూసుకుని తృప్తి పడేది.

కొన్నేళ్ళకు, ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. ఆడవాళ్ళంతా నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడాలన్నారు. తోటి బీడీ కార్మికురాలు రుక్కమ్మ పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"అక్కా, అందరున్నరు గని పాటెత్తేటోళ్ళు లేరు. గిది పండుగ గాదు, సమ్మె. తెలంగాణ కోసం గూడ రావా?"

మల్లక్క చేతిలో బీడీ అలాగే ఉండిపోయింది. చాట పక్కన పెట్టి పాస్టరు దగ్గరికి నడిచింది. ఆయన గడ్డం గోక్కుని, "పసుపు గౌరమ్మను పెట్టి మొక్కితే పూజైతది. పెట్టకుంటే పువ్వులే గదమ్మా. జనం కోసం ఆడితే నేనేమంట?" అన్నాడు. ఏసయ్యను అడిగితే, "పోతే పో" అన్నాడు.

రోడ్డు మీద పెట్టిన అందరి బతుకమ్మల మీద పసుపు గౌరమ్మ ముద్ద ఉంది. మల్లక్క దాని మీద లేదు. బొట్టు లేని మొఖంలా ఉందని ఆడవాళ్ళు ఆటపట్టించారు. "ఉండనియ్యుండ్రి" అని ఆమె పాట ఎత్తింది. అంతే, మానేసిన ఏళ్ళన్నీ ఎటు పోయాయో పోయాయి. వాడలోకి ఎన్నడూ తొంగిచూడని పెద్దిళ్ళ ఆడవాళ్ళు కూడా ఆమె వెనకే "ఉయ్యాలో" అన్నారు. అటు లారీలు, ఇటు పోలీసులు, నడుమ మల్లక్క.

ఇక ఆమెను పట్టడం ఎవరి తరం? జగిత్యాలలో ధర్నా అంటే జగిత్యాలకు, సిరిసిల్లలో సభ అంటే సిరిసిల్లకు. "తెలంగాణ ఎన్నడొస్తదో" అని అందరూ నిట్టూరిస్తే తానూ నిట్టూర్చేది. లోపల మాత్రం ఇంకొన్నాళ్ళు పట్టినా మంచిదే అనుకునేది. రాష్ట్రం కోసం పిల్లలు ప్రాణాలు తీసుకుంటుంటే ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకునేది. తిట్టుకున్నా ఆ కోరిక పోలేదు.

రెండేళ్ళకు ఒక సాయంత్రం టీవీలో తెలంగాణ ఇస్తున్నామని చెప్పారు. కోరుట్ల కోరుట్లంతా రోడ్డెక్కింది. ఎవరో బంతిపూల రాశి పోశారు. ఇదే ఆఖరని మల్లక్కకు తెలుసు. అందుకే పాటను సాగదీసింది. చరణం అయిపోతుంటే అప్పటికప్పుడు ఇంకొకటి కట్టింది.

చుట్టు తిరుగుతుండగా మొగవాళ్ళ గుంపు కనబడింది. ఏసయ్యతో బస్తాలు మోసే వెంకటి గ్లాసు నింపి అందిస్తున్నాడు.

"ఏసన్నా, గియ్యాల గూడ తాగవా? వదిన తెలంగాణ కోసం ఆడుతలేదా? నువ్వు తెలంగాణ కోసం ఒక్క గుక్క తాగు. తప్పేంది?"

ఆ మాట మల్లక్క చెవిన పడింది. అది తన మాటే. తాను తెచ్చిన సాకే. ఏసయ్య గ్లాసు అందుకున్నాడు.

ఆమె పాట మధ్యలోనే ఆపి, వరుస దాటి బయటికి వచ్చింది. ఆడవాళ్ళ చేతులు గాల్లోనే నిలిచిపోయాయి. ఏసయ్య ముందు నిలబడి, "పా, ఇంటికి పోదాం" అంది.

"ఆట నడుమ ఇడిసిపెట్టి వస్తరా?" అన్నాడు ఏసయ్య.

"వస్తరు. పా."

ఏసయ్య గ్లాసు వెంకటి చేతిలో పెట్టేశాడు. ఇద్దరూ బజారు వెంట నడిచారు.

"తాగలే మల్లీ. చేతుల పట్టుకున్న, అంతే" అన్నాడు. నాలుగడుగులేసి, "నువ్వు పోయి ఆడుకో. నేను ఇంటికి పోత, నిజంగ" అన్నాడు.

"నాకు భయమైతుందయ్యా" అంది మల్లక్క. "ఆట లేకుంటే బతుకుత. నువ్వు మళ్ళ మునుపటి లెక్క అయితే బతుక."



వెనక రుక్కమ్మ పాట అందుకుంది. శ్రుతి తప్పిందని మల్లక్క మనసులోనే తిట్టింది. ఆమెకు తెలియకుండానే పెదవులు "ఉయ్యాలో" అంటున్నాయి. మూల మలుపు దగ్గర, ఇంకో అడుగు వేస్తే పాట వినిపించదనగా, ఏసయ్య ఆగాడు. చెప్పు తెగినట్టుందని వంగి కూర్చున్నాడు.

చెప్పు తెగలేదని ఆమెకు తెలుసు. పాట అయిపోయేదాకా ఆయన లేవలేదు, ఆమె లెమ్మనలేదు.