డస్ట్‌బిన్ పార్లమెంట్ వాళ్ల పాట

గురువారం సాయంత్రం, అసర్ నమాజు అయ్యాక, అరబ్బు దేశపు ఊరు ఫింటాస్‌లోని ఆ బిల్డింగులో ఎవరి బీరువా ముందు వాళ్లు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మూడో అంతస్తులో ఉండే ఇంగ్లీషు మాస్టారు కీత్ సారు ఆ వేళకే తన పాత రికార్డు పెట్టేవాడు. పాట మొదలైతే బిల్డింగులో తాళాలన్నీ ఊడిపోయేవి, ఆగితే మళ్లీ పడిపోయేవి. ఆ పాట గుణం అంతే. వానొస్తే తడుస్తాం, ఇదీ అంతే గదా అని దాని గురించి ఎవరూ ఏమీ అనరు. అనేదంతా పక్కింటివాళ్ల గురించే. తెరిచిన బీరువాలో ఎవరి చెయ్యి దూరుతుందోనని! గేటు కాసే అబ్దుల్ హమీద్‌కైతే పనిమనుషులందరి మీదా అనుమానమే.

రాయచోటి దగ్గర్నుంచి వచ్చిన చిన్నక్క కీత్ సారింట్లో పని చేసేది. సరిగ్గా ఆ పై ఇంట్లో ఆమె చెల్లెలు సుధారాణి. ఒప్పుకున్న రెండేళ్లూ దాటిపోయినా ఆ ఇంటి యజమానురాలు హుస్నా, పనివాళ్లు ‘మామా’ అని పిలిచే ఆవిడ, పిల్లను ఊరికి పంపదు. పాస్‌పోర్టు బీరువాలో పెట్టేసింది. గురువారాలు పుట్టింటికి పోతూ పిల్లను లోపల ఉంచి తాళం వేస్తుంది. పాట పొట్టిదేలే అని ఆమె ధీమా.

అక్కచెల్లెళ్ల మాటలన్నీ వంటింటి కిటికీల్లోంచే.

"పాట పడేటప్పుడు వచ్చేయగూడదా మే?"

"యాడ వచ్చేది కా! బీరువాలో పాస్‌పోర్టు తీసుకునేలోపల పాట అయిపోతాది. పాస్‌పోర్టు ల్యాకుండా వస్తే యాడికి పోయేది?"

"ఈ వారం అది తీసి పెట్టుకో. వచ్చే వారం నువ్వు రా."

"మామా ఇంట్లోకి వస్తానే బీరువానే సూస్కుంటాది."

చిన్నక్క తనకొచ్చిన హిందీలో సారును అడిగింది, పాట ఆపకుండా రెండుసార్లు పెట్టమని. ఆయన కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు.

"ఎవరు పంపారు నిన్ను? అబ్దుల్ హమీదా?"

"నన్నెవరు పంపుతారు సార్!"

రికార్డు అట్ట మీద నల్ల బట్టల్లో నలుగురు పిల్లలు. అందులో జుట్టు నిలబెట్టుకున్నవాడు ఈయనేనట! వాళ్ల జట్టు పేరు డస్ట్‌బిన్ పార్లమెంట్. పాడుబడ్డ ఇంట్లో కాపురం, మాంసం ముట్టరు, రాజు వద్దు, యజమాని వద్దు, యుద్ధం వద్దు అని అరిచి పాడేవాళ్లు. వాళ్ల పాటకు ఊళ్లో తాళాలు ఊడుతుంటే పోలీసులు వెంటపడ్డారు.

"మాలో ఒకడు పోలీసు మనిషి అనుకున్నాం," అన్నాడు సారు. "నలుగురం నలుగుర్నీ అనుమానించాం. రెండో చలికాలానికి విడిపోయాం."

"ఎవరు సార్ ఆ మనిషి?"

"ఎవరూ కాదేమో."

అయినా రెండోసారి మాత్రం పెట్టనన్నాడు.

ఆ వారం సారు బడికి పోయాక చిన్నక్క రికార్డు తీసి చూసింది. పాట గరగరలాడుతోంది, మురికి పట్టిందేమో, కడిగితే ఇంకాస్త సేపు వస్తుందేమోనని ఆమె ఆశ. తల్లి ఇత్తడి చెంబులు తోమినట్టే చింతపండూ ఇనపపీచూ పెట్టి బాగా తోమి, నీడన ఆరబెట్టింది.

గురువారం సారు రికార్డు మీద ముల్లు పెట్టాడు. పాట ఒక గీత దగ్గర తట్టుకుని, అరిచిన అరుపే మళ్లీ మళ్లీ అరవడం మొదలుపెట్టింది. తాళాలు ఊడినవి ఊడినట్టే ఉన్నాయి.

పైన సుధారాణి బీరువా తీసింది. పాస్‌పోర్టు జాకెట్లో దోపుకుంది. చెప్పులు కూడా వేసుకుంది. మెట్లు దిగుతుంటే ప్రతి అంతస్తులోనూ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల అందరి వీపులూ కనబడుతున్నాయి. ఎవరి బీరువాను వాళ్లు రెండు చేతులా అదిమి పట్టుకున్నారు. ఒక్కరూ తల తిప్పలేదు.

గేటు దగ్గర అబ్దుల్ హమీద్, ఊడిన తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"చేతులు చూపించు," అన్నాడు.

చూపించింది. ముందూ వెనకా తిప్పి చూశాడు. ఖాళీ.

"ఖలాస్. యల్లా," అని బయటికి దారి చూపించాడు.

పైన సారు ముల్లు ఎత్తబోతే చిన్నక్క ఆయన చెయ్యి పట్టేసుకుంది. ఆయన ఆమెను అనుమానంగా చూసి, ఆమె చూస్తున్న కిటికీలోంచి కిందికి చూశాడు. బస్సు రోడ్డు వైపు ఒక పిల్ల నడిచిపోతోంది, పరుగెత్తకుండా. సారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బస్సు వచ్చి, ఆగి, కదిలిపోయేదాకా ఇద్దరూ ఆ అరుపు వింటూనే నిలబడ్డారు.