తలుపు వెనక సుద్దగీతలు

మా మామయ్య కత్తెర చేతబట్టారంటే గుడ్డ చివరికంటా కోశాకే కింద పెట్టేవారు. ఇంటి ముందుగదే ఆయన కుట్టుపని గది. వీధివైపు కిటికీ, కిటికీ కింద మిషను, గది మధ్యలో పొడవాటి కత్తిరింపు బల్ల. సుద్దగీత వెంట కోత మొదలయ్యాక మధ్యలో ఆపితే, ఆపినచోట గుడ్డ అంచుకి చిన్న పన్ను పడుతుందని, ఎంత బాగా కుట్టినా అది దాగదని అనేవారు. అందుకే కోస్తున్నప్పుడు ఎవరు పిలిచినా పలికేవారు కాదు. కాపురానికొచ్చిన కొత్తలో నేను ఆయనకి చెవుడనుకుని ఏది చెప్పాలన్నా అరిచి చెప్పేదాన్ని. నెలరోజులపాటు ఆయన కూడా ఏమీ అనకుండా విన్నారు.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్న కోటుగుడ్డ సగం కోసి, కత్తెర గుడ్డలోనే వదిలేసి గబగబా బాత్‌రూమ్‌కి వెళ్ళారు. పాపకి పాలు పడుతూ నేను గుమ్మంలోంచి చూశాను. ఆ మధ్యాహ్నం ఇంకోసారి అలాగే జరిగింది. మర్నాడు రొట్టెల దుకాణం ఆయన ప్యాంటు కొలతలకి వచ్చాడు. నడుం చుట్టూ టేపు వేసి, అంకె చదవకుండానే మామయ్య లోపలికి పోయారు. ఆ లావుపాటి మనిషి టేపు పట్టుకుని గది మధ్యలో నిలబడిపోయాడు.

"ఏం మాస్టారూ, నా నడుముకి ఈ టేపు చాలక ఇంకోటి తేవడానికెళ్ళారా?" అన్నాడు మామయ్య తిరిగి రాగానే.

"రెండు టేపులు ముడేసినా చాలదు. నువ్వు అమ్మే రొట్టెలు నువ్వే తినేస్తున్నావు" అన్నారు మామయ్య. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మామయ్య టేపు మళ్ళీ మొదటినుంచి వేశారు.

నాది ఎనిమిదో తరగతితో ఆగిపోయిన చదువు. దేనికి భయపడాలో దేనికి అక్కర్లేదో నాకెవరూ చెప్పలేదు కాబట్టి అన్నిటికీ భయపడతాను. పాప నిద్రపోతుంటే ఊపిరి లెక్కపెడతాను. తుమ్మితే నుదురు పట్టుకుని చూస్తాను. ఇప్పుడు ఆ లెక్కలోకి మామయ్య కూడా చేరారు. బల్ల మీది సుద్దముక్క ఒకటి తెచ్చుకుని, ఆయన లేచినప్పుడల్లా వంటింటి తలుపు వెనక ఒక గీత గీశాను. పొద్దుటినుంచి దీపాలు పెట్టేవేళకి పదకొండు గీతలయ్యాయి. రాత్రి తుడిచేసి మర్నాడు మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

ఆ వారమే పాపకి టీకా వేయించడానికి ఆరోగ్యకేంద్రానికి వెళ్ళాను. బల్లల మీద తల్లులు, ఏడుపులు, స్పిరిట్ వాసన. నేను కూర్చున్నచోట గోడకి ఒక పటం ఉంది. జబ్బు తక్కువున్న ప్రాంతాలకి లేత రంగు, ఎక్కువున్నవాటికి ముదురు రంగు వేసి, కింద 'మగవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్, ఆహారపు అలవాట్లు' అని రాసి ఉంది. మేమున్న వైపు ముదురు రంగు. మామయ్య పుట్టిన కొండలవైపు లేత రంగు. ఆయన ఇరవయ్యో ఏట పని నేర్చుకోవడానికి ఇటు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. కొండమీదే ఉండిపోయిన ఆయన అన్నగారు ఎనభై దాటినా ఇప్పటికీ పశువుల వెంట తిరుగుతారు.

"అదేంటండీ?" అని నర్సుని అడిగాను.

"మూత్రసంచి కింద మగవాళ్ళకి ఒక గ్రంథి ఉంటుందిలే. దానికొచ్చే జబ్బు" అంది సూది తీస్తూ. "ఆ వైపువాళ్ళు పప్పులు, ఆకుకూరలు తింటారు. మనవైపు మూడుపూటలా మాంసం, వెన్న. అటువాళ్ళు ఇటొచ్చి ఇక్కడి తిండికి అలవాటుపడ్డాక వాళ్ళలోనూ ఎక్కువవుతోందని కొందరు రాశారు. అలాగని తిండే కారణమని ఎవరూ ఒట్టేసి చెప్పలేదు. అక్కడ పరీక్షలు చేసేవాళ్ళూ తక్కువే మరి. పాప చెయ్యి గట్టిగా పట్టుకో."

పాప గుక్కపట్టింది. జోకొడుతూనే అడిగాను. "ఎలా తెలుస్తుందండీ, ఆ జబ్బు ఉన్నట్టు?"

"మాటిమాటికీ లేవడం, ధార సరిగ్గా రాకపోవడం. అది వయసువల్ల వచ్చే వాపూ కావచ్చు. అందుకే రక్తపరీక్ష చేయించాలి. ఏం, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"లేదండీ, ఊరికే అడిగాను" అన్నాను.

ఆ అబద్ధం ఎందుకాడానో అప్పుడు నాకు బాగానే తెలుసు. మామగారి ఎదుట నేను ఇంకా తలెత్తి నవ్వను కూడా నవ్వను. ఆయన మూత్రం గురించి ఏ నోటితో మాట్లాడను? ఆ సాయంత్రం మా ఆయన బస్సు డిపోలో పెట్టి వచ్చాక విషయం చెప్పాను.

"వయసైతే అందరికీ అంతే. నాన్నతో ఆ మాట అనడం నావల్ల కాదు" అన్నాడు చొక్కా విప్పుకుంటూ. "నీకు పాప తుమ్మినా క్షయే కదా."

ఇక నా చేతిలో మిగిలింది గరిటె ఒక్కటే. మర్నాటినుంచి వంట నేనే చేస్తానని అత్తయ్యతో అన్నాను. మాంసం వారానికి ఒక్కరోజుకి దింపాను. వెన్నగిన్నె పైఅరలోకి ఎక్కించాను. రోజూ పప్పు, ఆకుకూర, టమాటా. మొదటిరోజే అత్తయ్య పళ్ళెంలోకి తొంగిచూసి పెదవి విరిచింది.

"ఏమే, ఆయన్ని మనిషనుకుంటున్నావా, మేకనుకుంటున్నావా?"

"పోనీవే. కోడలు నన్ను మెల్లిగా కొండెక్కించేస్తోంది" అన్నారు మామయ్య. మారుమాట లేకుండా తిన్నారు. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు.

రెండో వారానికి గీతలు తొమ్మిదయ్యాయి. ఆ తర్వాత ఆరు. రెండు నెలలు తిరిగేసరికి నాలుగు. కోత మొదలుపెడితే మళ్ళీ చివరికంటా ఆగకుండా కోస్తున్నారు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. తలుపు వెనక నాలుగే గీతలున్న రోజు పాపని ఎత్తుకుని వంటింట్లో గిరగిరా తిరిగాను. మా ఆయన్ని తీసుకొచ్చి ఆ గీతలు చూపించాను.

"చూశారా. పరీక్షా లేదు, సూదీ లేదు."

"డాక్టరమ్మా, నాకు కూడా ఆ ఆకులే పెట్టు" అన్నాడు. అతని మొహంలో కూడా ఏదో బరువు దిగినట్టనిపించింది. ఆ తర్వాత మేమిద్దరం పరీక్ష మాట ఎత్తలేదు. పాప రెండో టీకాకి వెళ్ళినప్పుడు నేను ఆ పటం వైపు దర్జాగా చూశాను కూడా.

మిగతావి కూడా నాకు కనబడుతూనే ఉన్నాయి. కనబడినదానికల్లా నేనే ఒక సమాధానం చెప్పుకున్నాను. పొద్దున్న మిషను పక్కన పెట్టిన నీళ్ళ గ్లాసు సాయంత్రానికి అంచుదాకా అలాగే ఉండేది. వంటింట్లోకొచ్చి తాగి ఉంటారులే అనుకుని మొక్కల్లో పోసేదాన్ని. పెదవులు పగిలాయి. ఎండ అనుకున్నాను. కుర్చీలో కుడివైపు ఆనకుండా ఒరిగి కూర్చునేవారు. యాభై ఏళ్ళు వంగి పనిచేసిన నడుం కదా అనుకుని దిండు కుట్టిచ్చాను. మనిషి సన్నబడుతుంటే, కొవ్వు మానేశారు కాబట్టి అనుకున్నాను. రొట్టెల దుకాణం ఆయన ఒకరోజు "మాస్టారూ, మీ చొక్కా మీకే వదులవుతోంది. కొలతలు తప్పుతున్నాయా?" అంటే నాకు కోపం కూడా వచ్చింది. బాగుపడుతున్న మనిషికి దిష్టి పెడుతున్నాడని.

గీతలు మొదలైన ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం ముందుగదిలో ఏదో బరువైంది పడిన చప్పుడైంది. వెళ్ళేసరికి మామయ్య బల్ల కింద ఉన్నారు. సగం కోసిన గుడ్డ ఆయన మీద పడి ఉంది. నాలుక పిడచకట్టుకుపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయిగానీ నన్ను చూడటం లేదు. అత్తయ్యే వీధిలోకి పరిగెత్తి రొట్టెల దుకాణం ఆయన్ని పిలుచుకొచ్చింది. అతను ట్రేలు దింపేసి తన రొట్టెల వ్యానులో ఎక్కించుకున్నాడు. దారిపొడుగునా వేడి రొట్టెల వాసన.

ఆసుపత్రిలో సెలైను పెట్టారు. ఒంట్లో నీరు బొత్తిగా లేదన్నారు. సంచిలోకి దిగుతున్న మూత్రం కాఫీ రంగులో ఉంది. చూడకూడదనుకుంటూనే చూశాను. అత్తయ్య మందులకి వెళ్ళినప్పుడు మామయ్య కళ్ళు తెరిచారు.

"నీళ్ళు ఎందుకు తాగలేదు మామయ్యా?"

"తాగితే లేవాలి కదమ్మా."

నాకు అర్థం కాలేదు.

"తలుపు వెనక గీతలు చూశాను. మొదటి వారమే. నా సుద్ద అరిగిపోతుంటే నాకు తెలీదా?" అన్నారు. ఆగి ఆగి చెప్పారు. "గీతలు తగ్గినరోజు నువ్వు పాపని ఎత్తుకుని పాటలు పాడేదానివి. ఎప్పుడూ ఏదో భయంతో ఉండే పిల్లవి. నేను నాలుగుసార్లు లేవకపోతే నీకు అంత సంతోషం కదా అని."

మంచం కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. ఎనిమిది నెలలు నేను జబ్బు తగ్గడాన్ని లెక్కపెట్టలేదు. ఆయన దాహాన్ని లెక్కపెట్టాను. తిండి ఆయన ఒంట్లో ఏం చేసిందో నాకు తెలియదు. గీతలు ఏం చేశాయో మాత్రం తెలిసింది.

అప్పుడే డాక్టరు వచ్చారు. నెరిసిన జుట్టు, తొందరలేని మనిషి. కాగితం తీసి, "ఇబ్బంది ఎన్నాళ్ళనుంచి ఉంది పెద్దాయనా?" అని అడిగారు.

"రెండు వారాలనుంచండీ" అన్నారు మామయ్య వెంటనే. నావైపు చూడలేదు.

కలం కాగితం మీదికి దిగుతోంది. ఊరుకుంటే ఆ రెండు వారాలే రాస్తారు. నన్నెవరూ ఏమీ అనరు. మా ఆయన కూడా అనడు.

"కాదండీ, ఎనిమిది నెలలు" అన్నాను. "రోజుకి పదకొండుసార్లు లేచేవారు. పరీక్ష చేయించమని నర్సు చెప్పింది. నేను చేయించలేదు. తిండి మారిస్తే తగ్గుతుందనుకున్నాను. కుర్చీలో కుడి తుంటి ఆనించరు, అక్కడా నొప్పేమో, ఆయన ఎవరికీ చెప్పలేదు."

మామయ్య కళ్ళు మూసుకున్నారు. డాక్టరు రాయడం ఆపి, తుంటి మీద అక్కడక్కడా నొక్కి చూశారు. ఒకచోట మామయ్య ఒళ్ళంతా బిగుసుకుంది. డాక్టరు మొహంలో ఏమీ మారలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. రక్తపరీక్షతోపాటు ఎముకల స్కాను కూడా రాశారు.

ఫలితాలు రావడానికి నాలుగు రోజులు పట్టింది. డాక్టరు నన్నూ మా ఆయన్నీ గదిలోకి పిలిచి తలుపు వేశారు. జబ్బు ప్రోస్టేట్ గ్రంథిదే. గ్రంథి దాటి తుంటి ఎముకలోకి వచ్చింది. పూర్తిగా పోదుగానీ, సూదిమందులతో అణిచి ఉంచే ప్రయత్నం చేస్తామన్నారు.

"ఎనిమిది నెలల ముందు తెచ్చి ఉంటే?" అన్నాడు మా ఆయన. ఆ మాట నన్ను అంటున్నాడో, తనని తాను అనుకుంటున్నాడో తెలియలేదు.

"అప్పటికే దాటి ఉండొచ్చు, దాటకపోయి ఉండొచ్చు. నేను చెప్పలేను."

"మరి ఆ తిండి?" అన్నాను నేను.

"మంచి తిండేనమ్మా, మానొద్దు. తిండివల్ల జబ్బు వచ్చే అవకాశం కొంత తగ్గుతుందేమో, అదీ కచ్చితంగా తేలలేదు. వచ్చి కూర్చున్నదాన్ని మాత్రం తిండి తరమలేదు." తర్వాత మా ఆయన వైపు తిరిగారు. "నీ వయసెంత బాబూ?"

"ముప్పై ఆరండీ."

"మీ నాన్నకి వచ్చింది కాబట్టి నీకు ముప్పు మామూలుకన్నా ఎక్కువ. నలభై దాటగానే రా. ఇబ్బంది మొదలయ్యేదాకా ఆగొద్దు."

మా ఆయన తలూపాడు. అతని బూటు నేలకేసి చిన్నగా కొట్టుకుంటూనే ఉంది.

సూదిమందు మొదలయ్యాక మామయ్యని ఇంటికి పంపుతూ ఆసుపత్రి నర్సు ప్రశ్నలున్న ఒక కాగితం ఇచ్చింది. రోజూ ఆయన్ని అడిగి నింపాలట. మా ఆయన దాన్ని చదివి, మడిచి, అత్తయ్య చేతికిచ్చాడు. అత్తయ్య చదవలేదు. మొదటిరోజు ఆ కాగితం ఖాళీగా కిటికీలోనే ఉంది. రెండోరోజు పొద్దున్న పాపని చంకనెత్తుకుని, ఆ కాగితం పట్టుకుని మామయ్య మంచం పక్కన కూర్చున్నాను. మొహం మండిపోతోంది.

"మామయ్యా, మూత్రానికి ఎన్నిసార్లు లేచారు?"

ఆయన గోడవైపు తిరిగారు. పాప ఆయన దుప్పటి లాగుతోంది. అటు తిరిగే "తొమ్మిది" అన్నారు.

"నీళ్ళు ఎన్ని గ్లాసులు?"

"ఆరు. నిజంగానే ఆరు."

రాశాను. "రక్తం కనబడిందా?"

"లేదు."

"నొప్పి ఎక్కడ?"

"కుడి తుంటిలో" అన్నారు. అదీ రాసి, కాగితం మడవబోయాను.

"ఆగమ్మా" అన్నారు గోడవైపే చూస్తూ. "నిన్నటినుంచి ఎడమవైపు కూడా."