చెయ్యి తెలిసిన బండి

మా గల్లీ మగవాళ్ళకు దేవుడి మీద ఎంత భక్తి ఉందో నాకు తెలియదు గానీ, బండి మీద ఉన్న భక్తికి మాత్రం లోటు లేదు. పొద్దున లేచి ముఖం కడుక్కోకపోయినా బండి తుడుస్తారు. సీటు కింద చెయ్యి దూర్చి ఒక పాత బనీను ముక్క బయటికి లాగుతారు, ట్యాంకు మీద రెండుసార్లు తిప్పుతారు, మళ్ళీ అక్కడే కుక్కేస్తారు. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో రిటైరైన ఎదురింటి భిక్షపతి పెదనాయన అంతే. పెయింటింగ్ కాంట్రాక్టులు పట్టే పక్కింటి కృపాకర్ అంతే. మా ఆయన నందు సరేసరి. తాగిన చాయ్ గ్లాసు కడగడం చేతకాని మనుషులు బండిని అంత ముద్దుగా తుడుస్తుంటే, ఆడవాళ్ళం గుమ్మంలో నిలబడి నవ్వుకునేవాళ్ళం.

మాది సైదాబాద్‌లో పాలవ్యాపారం. ఇంటి వెనక ఆరు బర్రెలు, వాటి మీద మా అత్త సుశీలమ్మ పెత్తనం. పొద్దున, సాయంత్రం మా ఆయన బండి మీద పాలు పోసి వస్తాడు. మధ్యాహ్నమంతా ఆయన నిద్రపోతాడు, బండీ నిద్రపోతుంది. నేను పెళ్ళికి ముందే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేశాను. ఆ సర్టిఫికెట్ పదేళ్ళుగా బీరువాలో చీరల కింద పడుకుని ఉంది. ఈమధ్య మా దగ్గర ఒక ల్యాబ్ వాళ్ళు ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకొచ్చే పనికి మనిషి కావాలన్నారు. నా చెయ్యి చూశారు, నచ్చింది. సూది గుచ్చితే నొప్పి తెలియలేదని వాళ్ళ మేనేజరే అన్నాడు. ఒకటే షరతు పెట్టారు: టూవీలర్ లైసెన్సు ఉండాలి. వచ్చే నెలాఖరులోగా తేకపోతే వేరే మనిషిని తీసుకుంటామన్నారు.

బండి నడపడం మా తమ్ముడు అభిషేక్ నేర్పించాడు. అమ్మగారింటికి వెళ్ళినప్పుడల్లా వాడి బండి మీద తిరిగాను. క్లచ్ తెలిసింది, గేర్లు తెలిశాయి, ఎనిమిది అంకె కాలు కింద పెట్టకుండా తిప్పడం కూడా వచ్చింది. ఇక మా బండి మీద కూడా చెయ్యి కుదరాలని మధ్యాహ్నం పూట ఆయన పడుకున్నాక తాళంచెవి తీసుకునేదాన్ని. మొదట్లో బాగానే నడిచింది. ఆ సంగతి ఆయన చెవిన పడ్డ వారం నుంచి మాత్రం నేను ముట్టుకుంటే బండి స్టార్ట్ కావడం మానేసింది. సెల్ఫ్ కొడితే ఇంజన్ గరగరా తిరిగేది, అంటుకునేది కాదు. కిక్కు కొట్టి కొట్టి మోకాలు వాచింది. సాయంత్రం ఆయన వచ్చి, బనీను ముక్కతో తుడిచి, ఒక్కసారి వేలు పెడితే చాలు, పిల్లి గుర్రుమన్నట్టు మొదలయ్యేది.

"బండికి చెయ్యి తెలుస్తది తనూ. మొగోని చెయ్యి గావాలె," అనేవాడు.

మా అత్త కూడా వంతపాడేది. కొత్త చెయ్యి పెడితే బర్రె కూడా పాలు చేపదట, ఇనుమైతే మాత్రం ఏమిటట. ఇద్దరూ కలిసి చెప్తే నేను నమ్మాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. రాత్రిళ్ళు పడుకుని, నా చేతిలోనే ఏదో లోపం ఉందని, నడిరోడ్డు మీద ఆగిపోతే నలుగురూ నవ్వుతారని, ఆ ఉద్యోగం నాకెందుకని అనుకున్న రోజులు కూడా ఉన్నాయి.

అయినా డ్రైవింగ్ టెస్టుకు స్లాట్ బుక్ చేశాను. నెలాఖరుకు దొరికిన ఆఖరి స్లాట్ అదే, పదకొండింటికి. నాది ఇంకా లెర్నింగ్ లైసెన్సే, లైసెన్సు ఉన్న మనిషి వెనక కూర్చోవాలి కాబట్టి మా ఆయన వస్తానన్నాడు. ఆ పొద్దున పాలు పోసి వచ్చి బండి గుమ్మంలో నిలిపి, ఎప్పటిలా బనీను ముక్క సీటు కింద కుక్కాడు. ఆయన స్నానానికి వెళ్ళగానే నేనే బకెట్ నీళ్ళతో బండి కడిగాను. పాల మరకలు పోయేలా తుడిచి, ఆరిన తరవాత పసుపు కుంకుమ పెట్టాను. ఆయన బయటికొచ్చి తళతళలాడే బండిని చూసి ఎందుకో సంతోషపడలేదు. బనీను ముక్క ఏదని అడిగాడు. ఉతకడానికి వేశానన్నాను. ఇంకొకసారి తుడుస్తానన్నాడు. ఇంకా ఎక్కడ తుడుస్తావని మా అత్తే కసిరింది. అప్పటికే అటు కృపాకర్ భార్య సుజన, ఇటు భిక్షపతి ఇంటి వాళ్ళు నన్ను సాగనంపడానికి బయటికి వచ్చారు.

నేను ఎక్కి సెల్ఫ్ కొట్టాను. గరగరా తిరిగింది, అంటుకోలేదు. ఆయన ఎక్కి కొట్టాడు. ఆయన చేతికీ అంటుకోలేదు. నా గుండె సగం జారింది గానీ, మిగిలిన సగంలో కొంచెం సంతోషం లేకపోలేదు.

బండి స్టార్ట్ కాని చప్పుడు మా గల్లీలో అజాన్ కంటే, గుడి గంట కంటే త్వరగా వినిపిస్తుంది. అయిదు నిమిషాల్లో డజను మంది చేరారు. పెట్రోల్ ఉందా అని ఒకడు ట్యాంకుకు చెవి ఆనించి ఊపాడు. రిజర్వులో పెట్టమని ఒకడు, చోక్ లాగమని ఒకడు, లాగింది మూసేయమని ఇంకొకడు. నలుగురు కలిసి బండిని ఎడమ పక్కకు వంచి, కుడి పక్కకు వంచి, పసిపిల్లకు పాలు కక్కించినట్టు కక్కించారు. సెకండ్ గేర్‌లో వేసి గల్లీ చివరిదాకా తోశారు, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి తోసుకొచ్చారు. కిక్కు కొట్టని మగవాడు లేడు. కొట్టిన ప్రతివాడూ ముందు కొట్టినవాడికి కొట్టడం రాదన్నాడు.

చివరికి భిక్షపతి పెదనాయన పానా తెచ్చి, అందరినీ పక్కకు జరగమని, ప్లగ్ విప్పాడు. దాన్ని ఇంజన్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టమన్నాడు. అందరం వంగి చూశాం. నిప్పురవ్వ రాలేదు.

"కరెంటే వస్తలేదు," అన్నాడాయన. అని, నాలుక కరుచుకున్నట్టు ఆగిపోయాడు.

కృపాకర్ భిక్షపతి వైపు చూశాడు, భిక్షపతి నేలవైపు చూశాడు, మా ఆయన ఆకాశం వైపు చూశాడు. తరవాత ఎవరో దగ్గి, పెట్రోల్‌లో నీళ్ళు కలిసి ఉంటాయన్నారు. అవునవునని అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. కరెంటు రావడం లేదని కళ్ళారా చూసిన మనుషులు పెట్రోల్ గురించి మాట్లాడుతున్నారు. పొయ్యి అంటుకోలేదంటే బియ్యం మార్చమన్నట్టుంది వాళ్ళ వ్యవహారం. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది, కానీ నా కళ్ళు గడియారం మీదే ఉన్నాయి.

కృపాకర్‌ను బండి ఇమ్మని అడిగాను. బాగా పరుగెత్తే అతని బండికి అప్పటికప్పుడు క్లచ్ ప్లేట్లు పోయాయి. భిక్షపతి బండికి ఇన్సూరెన్సు అయిపోయింది. ఇంకొకాయన బండి తాళంచెవి వాళ్ళ బామ్మర్ది బార్కస్‌కు తీసుకుపోయాడట. అడిగిన నాకే సిగ్గేసింది.

ఇంతలో మా ఆయన, ఎవరూ రావద్దని, తానొక్కడే మెకానిక్ సాలెం భాయ్ దగ్గరికి తోసుకెళ్తానని బయల్దేరాడు. ఎవరూ రావద్దంటే వినే గల్లీ కాదు మాది. ఇద్దరు వెనక తోశారు, ఒకరు పక్కన నడిచారు, మిగిలిన వాళ్ళు సలహాలు మోశారు. ఆయన మూల తిరిగి ఆగితే వాళ్ళూ ఆగారు. ఉచ్చకు పోతానని గోడ చాటుకు బండితో సహా వెళ్ళబోతే, బండి మేము పట్టుకుంటాం, నువ్వు పోయిరా అన్నారు. ఆ పూట ఆయనకు తన బండితో ఒక్క నిమిషం ఏకాంతం దొరకలేదు.

నేను ఫైలు పట్టుకుని వెనక నడుస్తున్నాను. సుజన నా పక్కన చేరి, మొగుడికి వినబడకుండా చెప్పింది.

"అక్కా, సీటు కింద ఎడమ దిక్కు చెయ్యి పెట్టి చూడు. గోలీ అంత బటన్ ఉంటది, అది వత్తితెనే కరెంటు వస్తది. మా ఆయన రోజూ బట్ట తీస్తున్నట్టు చేసి గదే వత్తుతడు. మొన్న నేను గోడ మీదికెళ్లి చూసిన."

ఆ బనీను ముక్క, పొద్దుటి భక్తి, కిక్కు కొట్టి వాచిన నా మోకాలు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి.

షాపు ముందు సాలెం భాయ్ బండిని చూశాడు, మా ఆయన ముఖం చూశాడు, చుట్టూ నిలబడ్డ మగవాళ్ళందరి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు. అంతా ఆయన గిరాకీలే. కార్బురేటర్ విప్పడానికి స్క్రూడ్రైవర్ తీశాడు. నేను ఆయన్ని ఆగమని, సీటు కింద చెయ్యి దూర్చాను. వేలికి తగిలింది. నొక్కి, సెల్ఫ్ కొట్టాను. మొదటి దెబ్బకే అంటుకుంది.

కృపాకర్ తన భార్యవైపు చూశాడు, ఆమె చూపు దించలేదు. ఇటువంటివి ఎన్ని బండ్లకు పెట్టావని సాలెం భాయ్‌ని అడిగాను. గల్లీ మొత్తానికి పెట్టానన్నాడు. ఎవరికీ చెప్పొద్దని ప్రతి ఒక్కరూ ఒట్టు వేయించుకున్నారట, అందుకే ఎవరికీ చెప్పలేదట. మరి అందరికీ ఒకే చోట ఎందుకు పెట్టావంటే, వైరు అందేది అక్కడికేనట. మా గల్లీ రహస్యం విలువ జానెడు వైరు.

మా ఆయనకు అప్పుడు నోరొచ్చింది. బండ్లు ఎత్తుకుపోతున్నారు, దొంగల కోసం పెట్టించానన్నాడు. సాలెం భాయ్‌కి నవ్వాగలేదు.

"దొంగోడు స్విచ్ ఎందుకు ఎతుకుతడు భాభీ? ఇద్దరు లేపి ట్రాలీ ఆటోల ఏస్కొని పోతరు. యే తో ఘర్‌వాలోంకే లియే హై."

ఇది ఇంట్లోవాళ్ళ కోసమేనన్న ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను నొప్పి తెలియకుండా సూది గుచ్చుతానని పేరు తెచ్చుకున్న మనిషిని, నాకు మాత్రం బాగా తెలిసేలా గుచ్చారు. నెల రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ నెల రోజులూ ఈయన బనీను ముక్క కింద వేలు పెట్టి నవ్వుకున్నాడు. ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

"నువ్వు ఏడనన్న పడితే ఎట్లనని గట్ల చేసిన తనూ," అన్నాడు మెల్లగా.

"పడితే నేను లేస్త. గా వైరు తీసెయ్యి భాయ్," అన్నాను.

సాలెం భాయ్ అలవాటుకొద్దీ మా ఆయన వైపు చూశాడు, ఆయన తలూపుతాడేమోనని. నేను ఫైలు పక్కన పెట్టి, పనిముట్ల డబ్బాలోంచి కట్టర్ తీసి భాయ్ చేతిలో పెట్టాను. అప్పుడు కోశాడు, రెండు కొసలూ కలిపి టేపు చుట్టాడు. మా బండిది అయిపోగానే సుజన ముందుకొచ్చి, మాది కూడా ఇప్పుడే తోసుకొస్తాను భాయ్, అంది. క్లచ్ ప్లేట్లు పోయిన బండి గురించి కృపాకర్ ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు.

నేను ముందు, ఆయన వెనక. కంచన్‌బాగ్ మీదుగా వెళ్తుంటే గేరు మార్చమని, హారన్ కొట్టమని, బస్సుకు దారి ఇమ్మని నా చెవిలో చెప్తూనే ఉన్నాడు. నేను రోడ్డు చూసి నడుపుతూ పోయాను. ఆర్టీవో ఆఫీసులో నా నంబరు రెండోసారి పిలుస్తుండగా గేటు దాటాం. ఎనిమిది అంకె తిప్పాను. కాలు కింద పెట్టలేదు, చెయ్యి వణకలేదు, బండి ఎక్కడా ఆగలేదు.

ఇన్‌స్పెక్టర్ కాగితం మీద టిక్కు పెడుతూ, బాగా తిప్పినవమ్మా, ఎవరు నేర్పిన్రు అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన గీత దాటి ముందుకొచ్చాడు.

"నేనే సర్," అన్నాడు, ఛాతీ ముందుకు పెట్టి.

"అవును సర్," అన్నాను నేను. "బండి స్టార్ట్ కాకుంటే ఏం చెయ్యాల్నో మొత్తం ఈయన దగ్గరనే నేర్చుకున్న."

ఇన్‌స్పెక్టర్‌కు అర్థం కాలేదు. అర్థమైన మనిషి మాత్రం నా ఫైలు చంకలో పెట్టుకుని, మళ్ళీ గీత వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.