కార్ఖానాలో పాసైన గొంతు

లింబాయత్‌లో తెలుగునేల నుంచి వలసొచ్చిన, యాభై దాటిన మగ్గాలవాళ్లను ఎవరినైనా అడగండి, డిస్కో భాగ్య అనగానే ముఖం వెలిగిపోతుంది. అది చూసి మురిసిపోకండి, ఆ వెలుగు ఆమె కోసం కాదు. తమ పడుచుతనం, బెల్‌బాటం ప్యాంట్లు, గణపతి పందిట్లో వేసిన గంతులు గుర్తొచ్చి వెలిగే ముఖాలవి. "అబ్బ, ఏం పాడేది" అంటారు. ఆ మనిషి పక్క గల్లీలోనే కూరగాయలు బేరమాడుతూ ఉంటుంది. బతికున్న మనిషి గురించి ఇన్నేళ్లుగా పోయినవాళ్ల గురించి మాట్లాడినట్టు మాట్లాడితే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? భాగ్యలక్ష్మికి బాగా మండేది.

ఆ రోజుల్లో ఆమె పాటకు పరీక్ష పెట్టింది సంగీతం తెలిసినవాళ్లు కాదు, సాంచెలు, అదే మరమగ్గాలు. రింగ్ రోడ్ వెనక సందులో క్యాసెట్లు వేసే సేఠ్ ఒకడుండేవాడు. కొత్త పాట రికార్డు కాగానే టేపు పట్టుకుని ఆమె మొగుడు నరహరి పనిచేసే కార్ఖానాకు వచ్చేవాడు. మరమగ్గాలన్నీ నడుస్తుండగా టేప్‌రికార్డర్‌ను నూలు పెట్టె మీద పెట్టి పాట వేసేవాడు. ఆ మోతలో చివరి సాంచె దగ్గరున్న మనిషికి మాట అర్థమైతే పాట పాసు, లేకపోతే మళ్లీ పాడాల్సిందే. కొనేది మగ్గాలవాళ్లు, వినేది మగ్గాల మధ్య, కాబట్టి సేఠ్ లెక్క తప్పేం కాదు. డిస్కో డప్పు సాంచెల దెబ్బతో కలిసి నడిచేది. భాగ్య గొంతు దానిమీద సూదిలా లేచేది. ఒక్క పాటా ఫెయిలవలేదు.

తర్వాత డిస్కో పోయింది. సేఠ్ భజనల్లోకి దిగాడు. నేనూ పాడతానని భాగ్య వెళితే, "నువ్వు హారతి పాడితే దేవుడు లేచి డాన్స్ చేస్తాడు" అని నవ్వాడు. ఆమె ఇంటికొచ్చేసి, నరహరి సొంతంగా పెట్టుకున్న నాలుగు సాంచెల పక్కన కండెలు చుట్టే మిషను ముందు కూర్చుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ మోతలోనే, అరవై దాటేదాకా కూర్చుంది.

కూతురు సంధ్యకు పన్నెండేళ్లప్పుడు పాట మీద మోజు పుట్టింది. భాగ్య ఆ పిల్లనూ కార్ఖానాలోనే నిలబెట్టి పాడించింది. పక్క సాంచె మనిషికి కూడా వినపడలేదు. "నీది గొంతు కాదు బిడ్డా, గుసగుస" అంది. కడుపున పుట్టినదాన్ని అంతమందిలో అలా అనొచ్చునా అన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు. సంధ్య మళ్లీ నోరెత్తి పాడలేదు. పెద్దదై బట్టల మార్కెట్లో బిల్లులు రాసే ఉద్యోగంలో చేరింది.

చెవుల సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. సాంచెల మధ్య బతికినవాళ్లు మాటను చెవితో కాక కంటితో పట్టుకుంటారు, ఎదుటివాడి పెదవులు కదిలితే చాలు. భాగ్య ఇందులో ఆరితేరింది. చెవికి మిషను పెట్టించుకోమని సంధ్య ఒకసారి అన్నందుకు వారం రోజులు కూతురితో మాట్లాడలేదు. 'నాకు వినబడలేదు' అన్న మాట ఆమె నోట ఎవరూ ఎన్నడూ వినలేదు. పాటగత్తె కదా, ఆ మాట ఎలా అంటుంది.

నరహరి మేనల్లుడు ఉమాకాంత్‌కు పక్కనే ఉన్న ఉధ్నాలో చిన్న రికార్డింగ్ గది ఉంది. మామే పెట్టించాడు. ఒక ఆదివారం అతను ఫోన్ పట్టుకుని ఆమె ముందు కూర్చున్నాడు.

"అత్తమ్మా, నీ పాత డిస్కో పాటకు పోరగాండ్లు రీల్స్ చేస్తున్నరు. లచ్చల మంది చూసిండ్రు. గిదే టైమ్. ఆల్బమ్ చేద్దాం."

"పాత పాటలేనా?"

"పాతయే నడుస్తయ్ అత్తమ్మా."

"గట్లయితే నాకొద్దు. పాతయి నేను సచ్చినంక ఎట్లాగూ ఏస్తరు. కొత్త పాటలు, గిప్పటి గొంతు. గది చేస్తనంటే చెప్పు."

ఆమెకు కావలసింది ఒకటే. పోయేలోపు ఒక్కసారైనా జనం నోట 'పాడేది' కాదు, 'పాడుతున్నది' అనిపించుకోవాలి. ఆ సంగతి ఉమాకాంత్‌కు అర్థమైంది. సరేనన్నాడు.

రికార్డింగ్‌లో మొదటి పాటకే అతను హెడ్‌ఫోన్ తీసేశాడు. "అత్తమ్మా, జర మెల్లగ పాడు. పైకి పోయిన కాడ గొంతు గీసుకపోతున్నది."

"నువ్వు పుట్టకముందు పాడిన గొంతురా ఇది" అంది భాగ్య. అతను హెడ్‌ఫోన్ మళ్లీ పెట్టుకున్నాడు.

పాటలన్నీ అయ్యాక, ఎవరూ చెప్పకపోయినా, నరహరి వాటిని ఊరి బయట జోల్వాకు పట్టుకెళ్లాడు. ఇప్పుడు వాళ్ల సాంచెలు అక్కడున్నాయి. కొత్త పనివాళ్లు ఎవరెవరో వస్తూ పోతూ ఉంటారు గాని, అంబదాస్, రాజనర్సు మాత్రం మొదటినుంచీ ఉన్నవాళ్లే. సాంచెలు నడుస్తుండగా నూలు పెట్టె మీద స్పీకర్ పెట్టి పాట వేశారు.

"వినబడ్తున్నదా?" అని అరిచాడు నరహరి.

"డప్పు వినబడ్తున్నది. మాట తెల్వదు" అన్నాడు రాజనర్సు. "చెల్లె గొంతుకు జర పదును పెట్టుండ్రి. గప్పట్ల గిట్ల లేకుండె."

భాగ్యకూ అలాగే అనిపించింది. ఉమాకాంత్ గొంతు పెంచాడు, పదును పెంచాడు. మళ్లీ జోల్వా. చాలదన్నారు. కొన్నిచోట్ల ఆమె చేత ఇంకా పైకి పాడించాడు. చివరిసారి వేసినప్పుడు ఉమాకాంత్ చెవుల్లో దూది పెట్టుకుని నిలబడ్డాడు. రాజనర్సు చివరి సాంచె దగ్గర్నించి చెయ్యెత్తాడు. పాట పాసైంది. ఆ మనుషుల చెవులు ఆనాటి చెవులు కావన్న ముక్క ఆ ముసలివాళ్లలో ఒక్కడికీ తట్టలేదు. తట్టిన ఒకే ఒక్కడు ఉమాకాంత్ మేనమామ మాట కాదనలేక దూది పెట్టుకుని నోరు మూసుకున్నాడు.

ఆల్బమ్ బయటకు వదిలేముందు కులసంఘం హాల్లో మనవాళ్లకు వినిపించాలనుకున్నారు. ఏసీ హాలు, తలుపులు మూస్తే చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. స్టేజీ మీద భాగ్య పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ముందు వరసల్లో మగ్గాలవాళ్లు, వెనక వరసల్లో వాళ్ల పిల్లలు, మనవలు.

మొదటి పాట మొదలైంది. ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. అంబదాస్ కళ్లు తుడుచుకున్నాడు. వెనక వరసల్లో పిల్లలు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నారు. ఒకామె చంటిపిల్లను ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. గోడకు ఆనుకుని నిలబడ్డ కుర్రవాడి పెదవులు 'బంద్ కర్ యార్' అనడం భాగ్య స్టేజీ మీంచే చదివింది. సంధ్య కూతురు సాయిప్రియ రెండు చెవులూ మూసుకుని తల్లి ఒడిలో తలదూర్చింది. సంధ్య ఆ చేతులు తీయించలేదు. వాటి మీద తన అరచేతులు కూడా అదిమిపెట్టింది.

రెండో పాట సగంలో ఉమాకాంత్ ఆపేశాడు.

"సౌండ్ బాక్సులు ఖరాబైనయ్" అంది భాగ్య స్టేజీ దిగుతూనే. "ఏం సామాన్ పెట్టిండ్రు గీ హాల్ల? మంచి పాట మన్నుల కలిసె."

"బాక్సులే" అన్నాడు నరహరి. అందరూ బాక్సులే అన్నారు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. అయినా ఒక్కరూ నోరు విప్పలేదు, దాన్ని ప్రేమ అనుకున్నారు.

"నెల రోజులాగు అత్తమ్మా. సాఫ్ చేస్త" అన్నాడు ఉమాకాంత్.

"గొంతు ముట్టకు. నా గొంతే ఉండాలె."

"ఉంటది" అని అతను సంధ్య వైపు చూశాడు. సంధ్య పిల్లకు చెప్పులు తొడుగుతోంది.

ఆ నెలంతా సంధ్య మార్కెట్ నుంచి ఆలస్యంగా వచ్చేది. మార్చి లెక్కలు, పని ఎక్కువుంది అనేది. గొంతు బొంగురుపోయిందని మాట కూడా తగ్గించింది. భాగ్య మిరియాలు దంచి కషాయం కాచి కూతురికి తన చేత్తో తాగించింది. "దుమ్ముల తిరిగితె గట్లనే అయితది బిడ్డా" అంది. సంధ్య గ్లాసు వంక చూస్తూ తాగింది గాని తల్లి వంక చూడలేదు.

నెల దాటాక ఉమాకాంత్ ఇంటికొచ్చి పాటలు వినిపించాడు. భాగ్య స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. డప్పు చేతికి తగిలింది. మీద ఏదో సన్నగా సాగుతోంది. మిగతాదంతా ఆమె పాడిందే, తలలో ఉన్నదే, అది తనంతట తాను వచ్చి కలిసింది. ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఎక్కడ లాగిందో అంతా తెలిసింది.

"గిది, గిది నా గొంతు" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "జోల్వాల ఏసి చూద్దామారా?"

"వద్దత్తమ్మా" అన్నాడు ఉమాకాంత్ వెంటనే. "గిప్పుడు అంత ఫోన్లల్లనే వింటరు."

ఇంకొకప్పుడైతే ఊరుకునేది కాదు. కానీ ఆ హాల్లో మూసుకున్న చెవులు రాత్రీ పగలూ ఆమెను తింటూనే ఉన్నాయి. సరేనంది. కార్ఖానా పరీక్ష లేకుండా బయటికి వెళ్లిన ఆమె మొదటి పాటలు అవి.

మళ్లీ అదే హాలు. అవే బాక్సులు, ఆ సంగతి ఆమెకు తెలియదు. పాట మొదలయ్యాక వెనక వరసల్లో ఫోన్లు లేచాయి. పిల్లలు చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. మొన్న ఆపమన్న కుర్రవాడు కళ్లు మూసుకుని తలాడిస్తున్నాడు. పాట అయిపోయాక హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నరహరికి దండం పెట్టినవాళ్లున్నారు. ఎవరో ఆడమనిషి స్టేజీ ఎక్కి భాగ్య రెండు చేతులూ పట్టుకుంది. "గీ వయసుల ఏం పాడుతున్నవ్ భాగ్యక్కా" అంది.

పాడుతున్నవ్ అంది. భాగ్య ఆ పెదవులను ఇంకోసారి చూడాలనుకుంది గాని ఆమె అప్పటికే దిగిపోయింది. ఇన్నేళ్ల కడుపుమంట చల్లారినట్టు అనిపించింది. సేఠ్ బతికుంటే ఈ హాల్లో ముందు కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని అనుకుంది.

ముందు కుర్చీల్లో మాత్రం ముసలివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. రాజనర్సు స్టేజీ దగ్గరికి వచ్చి మొహమాటంగా నిలబడ్డాడు. "ఏమో చెల్లె, అందరు మంచిగున్నదంటున్నరు. గీసారి మాకు డప్పు తప్ప ఏం తెల్వలే."

భాగ్య నవ్వబోయి ఆగిపోయింది. కార్ఖానాలో పాసైన గొంతు రాజనర్సుకు వినపడకపోవడమేమిటి? పన్నెండేళ్ల పిల్ల సాంచెల మధ్య నిలబడి పాడుతుంటే ఇదే మనిషి వినబడలేదని తల అడ్డంగా ఊపడం ఆమెకు గుర్తొచ్చింది. అదెందుకు ఇప్పుడు గుర్తొచ్చిందో అర్థమయ్యేలోపు సాయిప్రియ మెట్లెక్కి పరుగెత్తుకొచ్చి ఆమె ఒళ్లో కూర్చుంది. అమ్మమ్మ ముఖాన్ని రెండు చేతులతో తనవైపు తిప్పుకుంది.

"అమ్మమ్మా, మమ్మీ ఎంత మస్త్ పాడింది కదా? నేను ఉమా మామ స్టూడియోల కూసోని విన్న. ఏక్‌దమ్ మస్త్."

జానెడు దూరంలో ఉన్న పెదవులు. ఆ మాటలు పట్టుకోవడానికి భాగ్యకు చెవులతో పనిలేదు. ఒక్క అక్షరం కూడా జారిపోలేదు.

ఉమాకాంత్ వంగి వైర్లు చుట్టుకుంటున్నాడు. చుట్టినవే మళ్లీ చుట్టుకుంటున్నాడు. సంధ్య శాలువా పళ్లెం పట్టుకుని స్టేజీ మెట్ల దగ్గర ఆగిపోయింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. ఆ ముఖంలో భయం ఉంది, తప్పు చేశానన్న సిగ్గు ఉంది. వాటి వెనక ఎంత దాచుకున్నా దాగని సంతోషం కూడా ఉంది. లేచి నిలబడ్డ ఆ హాలు గుసగుస గొంతు కోసం నిలబడిందని సంధ్యకు తెలుసు మరి. ఇక్కడ ఇద్దరిలో ఎవరో ఒకరికే ఆ చప్పట్లు దక్కుతాయి. మైకు భాగ్య చేతికందేంత దూరంలో ఉంది. 'పాడింది నా బిడ్డ' అనడానికి ఎంతసేపు పడుతుంది?

ముందు కోపం లేచింది. కూతురి మీదో, మేనల్లుడి మీదో, తన చెవుల మీదో తేల్చుకోలేకపోయింది. కోపం వెనకే ఆ చప్పట్ల మీద ఆశ కూడా లేచింది, అదే ఎక్కువ సిగ్గనిపించింది. హాలంతా తన వైపే చూస్తోంది.

"ఏంది బిడ్డా?" అంది భాగ్య. "నాకు వినబడ్లే."

సంధ్య చేతిలో పళ్లెం ఒకవైపుకు వంగింది. ఆ ఒక్క మాట తల్లి నోట వినాలని ఎన్నేళ్లు ఎదురుచూసిందో. పళ్లెం సరిచేసుకుంది గాని తల ఎత్తలేదు.

పిల్ల ఊరుకోలేదు. అమ్మమ్మ చెవికి నోరు ఆనించి, గొంతు చించుకుని అదే మాట మళ్లీ అరిచింది. ముందు వరసలో ఒకరిద్దరు తప్ప హాలంతా విన్నది.

భాగ్య తల అడ్డంగా ఊపింది. "ఊహూఁ, వినబడ్లే" అంటూ శాలువా కప్పించుకోవడానికి కూతురి ముందు తల వంచింది.